రీఫ్ ట్యాంకులో నాచు: గుర్తుపట్టడం నుంచి వదిలించుకోవడం దాకా

రీఫ్ ట్యాంకులో, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియంలో, రాళ్ల మీద నాచు కమ్ముకోగానే చాలామంది ముందు తీసేది ఫాస్ఫేట్ టెస్ట్ కిట్. టెస్ట్ చేస్తే సున్నా వస్తుంది. ఫాస్ఫేట్ లేకపోతే ఇంత నాచు ఎలా పెరుగుతోందని టెన్షన్ మొదలవుతుంది. ఫాస్ఫేట్ లేక కాదు, అదంతా నాచు ఒంట్లో ఉంది. టెస్ట్ కిట్ చూపించేది నీళ్లలో మిగిలిన దాన్ని మాత్రమే. చేపల మేత నుంచి, రాళ్ల నుంచి వచ్చేదాన్ని వచ్చినట్టే నాచు పీల్చేసుకుంటుంటే నీళ్లలో మిగలడానికి ఏముంటుంది?

ఇది తెలియక నైట్రేట్, ఫాస్ఫేట్ రెండింటినీ సున్నాకి దించాలని పట్టుబట్టి పగడాలను చంపుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పగడాలకూ ఆ రెండూ కావాలి. పస్తు పెడితే ముందు పాలిపోయేది పగడమే, నాచు కాదు. అందుకే ఈ పనికి ఒక వరస ఉందని నేను గట్టిగా నమ్ముతాను. ముందు అది ఏ నాచో గుర్తుపట్టాలి. తర్వాత చేత్తో తీయాలి. ఆ తర్వాత మేసే జీవాలను పెంచాలి. అప్పుడు నీళ్ల సంగతి చూడాలి. మందులు ఆఖర్న. దుకాణాల్లో సీసాల మీద ఆశ పెట్టుకున్నవాళ్లు సరిగ్గా దీన్ని తలకిందులుగా చేస్తారు.

ముందు ట్యాంకు వయసు చూడండి

పొడి రాళ్లతో మొదలుపెట్టిన కొత్త ట్యాంకులో మొదటి కొన్ని నెలలు రూపం బాగుండదు. ముందు ఇసుక మీద గోధుమరంగు పొడి పరుచుకుంటుంది, తర్వాత ఎర్రటి జిగురు పొరలు, ఆ తర్వాత పచ్చ నాచు వస్తాయి. ఖాళీ రాయి మీద స్థలం కోసం జరిగే పోటీ ఇది. ఇందులో చివరికి గెలవాల్సింది గులాబీ, ఊదా రంగుల్లో రాయికి అతుక్కుని గట్టిగా పెరిగే కోరలైన్ నాచు. దాన్ని గీకేయకండి, అది మనకు కావలసిన నాచు.

మూడు నాలుగు నెలల లోపు ట్యాంకు అయితే మందుల జోలికి పోవద్దు. నీళ్లు శుభ్రంగా ఉన్నాయా, నత్తలు ఉన్నాయా అన్నది చూసుకుని ఓపిక పట్టండి. ఏడాది దాటిన ట్యాంకులో ఉన్నట్టుండి నాచు వచ్చిందంటే మాత్రం ఏదో మారింది. మేత పెరిగిందా, నత్తలు చచ్చిపోయాయా, ఆర్‌వో ఫిల్టర్ అయిపోయిందా అని వెతకాలి.

మొదటి మెట్టు: అది ఏ నాచు?

ఈ మెట్టు మీద ఎంత సమయం పెడితే అంత మంచిది. ఒకదానికి మందు అయ్యేది ఇంకోదానికి మేత అవుతుంది.

ఇసుక మీద, గాజు మీద గోధుమరంగు పొడిలా ఉండి వేలితో తుడిస్తే పోయేది డయాటమ్. దీనికి సిలికేట్ కావాలి. కొత్త ట్యాంకులో వచ్చి కొన్ని వారాల్లో దానంతట అదే పోతుంది. పోకుండా తిరిగి తిరిగి వస్తోందంటే మీరు పోసే నీళ్లలో సిలికేట్ ఉందని అర్థం.

ఎర్రగా, ముదురు ఊదాగా, ఒక్కోసారి నల్లపచ్చగా పొరలాగా పరుచుకుని, పట్టి లాగితే షీటులా లేచి వచ్చేది సయనోబాక్టీరియా. నాచు అంటున్నాం కానీ నిజానికి అది బాక్టీరియా. నీటి కదలిక తక్కువ ఉన్న మూలల్లో ముందు పడుతుంది.

గోధుమరంగు జిగురు తీగలుగా వేలాడుతూ, కొసల్లో గాలి బుడగలు పట్టుకుని, మధ్యాహ్నానికి దట్టమై, లైట్లు ఆరాక పలచబడేది డైనోఫ్లాజెల్లేట్. హాబీలో ఉన్నవాళ్లు డైనో అంటారు. దీన్ని చూసి డయాటమ్ అనుకునేవాళ్లు, సయనో అనుకునేవాళ్లు చాలామంది. తేల్చుకోవడానికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. ఆ జిగురును కొంచెం ట్యాంకు నీళ్లతో పాటు చిన్న సీసాలోకి తీసుకుని, ముక్కలైపోయేదాకా బాగా కుదపండి. కాఫీ ఫిల్టర్ పేపరులో వడకట్టి, కిందకి దిగిన నీళ్లను గ్లాసులో పోసి గంటసేపు వెలుతురులో పెట్టండి. ఆ నీళ్లలో మళ్లీ జిగురు తీగలు కట్టాయంటే అది డైనో. ఇంకా ఖాయంగా తెలియాలంటే 400 రెట్లు పెద్దగా చూపించే మామూలు విద్యార్థి మైక్రోస్కోపు చాలు. ఒక కొసన కట్టేసినట్టు తిరుగుతూ, నువ్వుగింజ ఆకారంలో ఉంటే ఆస్ట్రియాప్సిస్. అండాకారంలో, తలదగ్గర చిన్న ముక్కులాంటిది ఉండి ఇసుకలో అటూ ఇటూ ఈదుతుంటే యాంఫిడీనియం. ఈ తేడా ముందుముందు చాలా అవసరం పడుతుంది.

పచ్చగా, సన్నటి వెంట్రుకల్లా పెరిగి, లాగితే తెగి చేతికి వచ్చేది గ్రీన్ హెయిర్ ఆల్గే. ఈ పేరు కింద నిజానికి చాలా జాతులున్నాయి. ఒక్కో పోగునూ నీళ్లలో విప్పి చూస్తే పక్షి ఈకలా నడిమి కాడ, రెండు పక్కలా చిన్న కొమ్మలు కనబడితే మాత్రం అది బ్రయాప్సిస్. దీన్ని నత్తలు పెద్దగా ముట్టవు.

పచ్చ గాజుపూసల్లా మెరుస్తూ రాళ్ల సందుల్లో కూర్చునేవి వలోనియా, అంటే బబుల్ ఆల్గే. పొట్టిగా, గరుకుగా, బ్రష్షుతో రుద్దినా రాయిని వదలనిది టర్ఫ్ ఆల్గే. గాజు మీద రెండు మూడు రోజులకోసారి పచ్చటి పొర పడితే అది రోగం కాదు, ప్రతి ట్యాంకులోనూ మామూలే. గాజు తుడిచే మాగ్నెట్‌తో తుడిచేస్తే సరి.

రెండో మెట్టు: చేత్తో తీయడం

పొలంలో కలుపు మొలకెత్తిందని నీళ్లు కట్టడం మానేసే రైతు ఉండడు, వంగి పీకుతాడు. ఇక్కడా అంతే. ట్యాంకులోంచి బయటికి తీసిన ప్రతి పిడికెడు నాచుతో దాని ఒంట్లోని నైట్రోజన్, ఫాస్ఫరస్ కూడా బయటికి పోతాయి. అదే నాచును మందుతో లోపలే చంపితే అవన్నీ కరిగి మళ్లీ నీళ్లలోకి వస్తాయి.

రాళ్లు విడివిడిగా ఉంటే బాగా పట్టిన రాయిని బయటికి తీయండి. నీళ్లు మార్చేటప్పుడు ట్యాంకులోంచి తీసిన ఉప్పునీటిని బకెట్లో పోసి, అందులో రాయిని ముంచి గట్టి బ్రష్షుతో రుద్దండి. కుళాయి నీళ్లలో మాత్రం వద్దు, రాయిలోని మంచి బాక్టీరియా చచ్చిపోతుంది. రుద్దాక ఇంకో శుభ్రమైన ఉప్పునీటి బకెట్లో జాడించి లోపల పెట్టండి.

తీయడానికి వీల్లేని రాళ్లకు సన్నటి సైఫన్ పైపు కొసకి టూత్‌బ్రష్ కట్టండి. రుద్దుతుంటే తెగిన ముక్కలు పైపులోకే వెళ్లిపోతాయి. పైపు రెండో కొసను సంపులోని (ట్యాంకు కింద ఉండే ఫిల్టర్ పెట్టె) ఫిల్టర్ సాక్‌లో, అంటే వడకట్టే గుడ్డ సంచిలో పెడితే ముక్కలు అందులో ఆగి, నీళ్లు తిరిగి ట్యాంకుకే వస్తాయి. నీళ్లు వృథా కావు కాబట్టి తొందరపడకుండా గంటసేపైనా చేసుకోవచ్చు. పని అయిపోగానే ఆ సాక్ తీసి కడగడం మర్చిపోవద్దు. వదిలేస్తే అందులోనే కుళ్లుతుంది.

వారానికి రెండుసార్లు ఇలా చేయండి. పొడుగ్గా పెరిగిన నాచును నత్తలు తినలేవు, మొదళ్లు మాత్రమే మిగిలితే తింటాయి. మూడో మెట్టు పనిచేయాలంటే రెండోది తప్పనిసరి.

మూడో మెట్టు: మేసేవాళ్లు

1983, 84ల్లో కరీబియన్ సముద్రంలో డయడీమా అనే పొడుగు ముళ్ల అర్చిన్లు (ముళ్ల బంతుల్లాంటి సముద్రజీవులు) ఏదో రోగంతో దాదాపు తుడిచిపెట్టుకుపోయాయి. అక్కడ నాచును మేసే చేపలు అప్పటికే వేటతో తగ్గిపోయి ఉన్నాయి, మేత భారమంతా ఆ అర్చిన్ల మీదే ఉండేది. జమైకా పగడపు దిబ్బల మీద 1970ల చివర్లో సగానికి పైగా పరుచుకుని ఉన్న పగడాలు 1990ల మొదటికి 5 శాతం లోపుకి పడిపోయాయి. పగడాలు పోవడంలో తుపానులకూ వాటా ఉంది. కానీ 4 శాతం ఉన్న నాచు 92 శాతానికి చేరడానికి అసలు కారణం మేసేవాళ్లు లేకపోవడమే. అంత పెద్ద సముద్రంలోనే ఇలా జరిగితే, 200 లీటర్ల గాజుపెట్టెలో నాలుగు నత్తలు పెట్టి నాచు ఎందుకు పోవడం లేదని అడగడం న్యాయం కాదు.

200 లీటర్ల ట్యాంకుకి పది, పదిహేను నత్తలతో మొదలుపెట్టండి. నాకు బాగా నచ్చేవి ట్రోకస్ నత్తలు. కిందపడి వెల్లకిలా అయినా తిరిగి లేవగలవు. టర్బో నత్తలు ఇంకా ఎక్కువ తింటాయి, రెండు మూడు చాలు. కానీ వెల్లకిలా పడితే చాలాసార్లు లేవలేవు, అంటించని పగడపు ముక్కలను తోసేస్తాయి. ఇసుక కోసం సెరిత్ నత్తలు పెట్టండి. నసారియస్ నత్తలు నాచు తినవు, మిగిలిపోయిన మేత తింటాయి. దుకాణంలో నాచు కోసమని ఇస్తే తీసుకోకండి.

టర్ఫ్ లాంటి మొండి నాచుకు అర్చిన్ మించినది లేదు. టక్సీడో అర్చిన్ చిన్నది, పగడాలకు పెద్దగా ఇబ్బంది పెట్టదు. అయితే కోరలైన్ కూడా గీకుతుంది, దొరికిన చిన్న వస్తువులను నెత్తిన పెట్టుకుని తిరుగుతుంది. బబుల్ ఆల్గేకి ఎమరాల్డ్ పీత. చేపల్లో చిన్న ట్యాంకుకి లాన్‌మోవర్ బ్లెన్నీ, పెద్ద ట్యాంకుకి టాంగ్, ఫాక్స్‌ఫేస్. ఎల్లో టాంగ్‌కి కనీసం నాలుగడుగుల పొడవున్న ట్యాంకు ఉండాలి. అంతకన్నా చిన్నదానిలో పెడితే నాచు సంగతి ఎలా ఉన్నా చేప బాధపడుతుంది. ఫాక్స్‌ఫేస్ ముళ్లకు విషం ఉంటుంది, ట్యాంకులో చేయి పెట్టేటప్పుడు గమనించుకోండి.

నత్తలు, అర్చిన్లు ఉప్పు సాంద్రతలో తేడాను అస్సలు తట్టుకోలేవు. చుక్కచుక్కగా మీ ట్యాంకు నీళ్లు కలుపుతూ గంటసేపు అలవాటు చేశాకే వదలండి. రాగి ఉన్న చేపల మందు ఎప్పుడైనా వాడిన ట్యాంకైతే ముందు అది పూర్తిగా పోయిందని తేల్చుకోండి.

ఇంకో మాట. తీరానికి వెళ్లి పగడపు రాళ్లు ఏరుకొచ్చుకుంటే వాటితో పాటు మంచి జీవాలు వస్తాయని సలహా ఇచ్చేవాళ్లుంటారు. రాతి పగడాలు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి. వాటిని తీయడం నేరం. అంతకన్నా ముఖ్యం, ఆ పగడాలు ఉండాల్సింది అక్కడే.

నాలుగో మెట్టు: పోసే నీళ్లు

హైదరాబాదులో బోరు నీళ్లయినా, కోస్తాలో కుళాయి నీళ్లయినా నేరుగా రీఫ్ ట్యాంకుకి పనికిరావు. వంటింట్లో ఆర్‌వో ఉంది కదా అనుకుంటే అదీ చాలదు. తాగడానికి రుచి ఉండాలని ఇంటి ఆర్‌వోల్లో టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న పదార్థాలు) కంట్రోలర్ ద్వారా కొంత మామూలు నీటిని కలుపుతారు, లేదా మినరల్ కాట్రిడ్జ్ పెడతారు. టీడీఎస్ మీటరు పెట్టి చూస్తే 50 పీపీఎం దాకా చూపించడం మామూలే. తాగడానికి మంచిదే, ట్యాంకుకి కాదు. మెంబ్రేన్ నుంచి నేరుగా వచ్చే నీటిని తీసుకుని, దాన్ని డీఐ రెసిన్ (మిగిలిన లవణాలను కూడా పట్టేసే గుళికలు) గుండా పంపాలి. మీటరు సున్నా చూపించాలి. రెసిన్ అయిపోయే దశలో టీడీఎస్ పెరగకముందే సిలికేట్ జారిపోవడం మొదలవుతుంది. మీటరు 1 చూపించగానే రెసిన్ మార్చేయండి, 10 దాకా ఆగొద్దు.

మన ఎండాకాలంలో ఇది మరీ ముఖ్యం. ట్యాంకు వేడెక్కకుండా పైన ఫ్యాను పెడతాం. రోజుకు 4 లీటర్లు ఆవిరైతే నెలకు 120 లీటర్లు కొత్తగా పోసినట్టు. నీళ్లే ఆవిరవుతాయి కానీ వాటిలో ఉన్నవి కావు. 50 పీపీఎం నీటితో నింపుతుంటే నెలకు 6 గ్రాముల అక్కరలేని పదార్థాలు 200 లీటర్ల ట్యాంకులో పోగవుతాయి. అందులో సిలికేట్, నైట్రేట్ ఎంత ఉన్నా నాచుకి పండగే.

సముద్రం దగ్గర్లో ఉండి సహజమైన నీళ్లు తెచ్చుకునేవాళ్లు ఊరి కాలువలు కలిసే చోట, వానాకాలంలో తీసుకోవద్దు. బంగాళాఖాతంలోకి గోదావరి, గంగ లాంటి పెద్ద నదులు కలుస్తాయి కాబట్టి పైనీటిలో ఉప్పు తక్కువే, వరదల కాలంలో ఇంకా పడిపోతుంది. తెచ్చిన ప్రతిసారీ రిఫ్రాక్టోమీటరుతో ఉప్పు సాంద్రత 1.025 ఉందో లేదో చూసి, నైట్రేట్, ఫాస్ఫేట్ కూడా కొలిచాకే వాడండి.

ఐదో మెట్టు: అంకెలు

నైట్రేట్ 5 నుంచి 10 పీపీఎం, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం మధ్య నిలకడగా ఉంటే చాలు. ఆ రెండూ కొంచెం ఎక్కువున్నా పగడాలు కళకళలాడుతూ, నాచు లేని ట్యాంకులు ఎన్నో ఉన్నాయి, ఎందుకంటే వాటిలో మేసేవాళ్లు ఉన్నారు. అంకె ఎంత అన్నదానికన్నా వేగంగా మారకపోవడమే ముఖ్యం.

ఫాస్ఫేట్ 0.3, 0.5 దాకా వెళ్లి ఉంటే జీఎఫ్ఓ, అంటే ఐరన్ ఆక్సైడ్ గుళికలు వాడొచ్చు. డబ్బా మీద రాసినదాంట్లో పావు వంతుతో మొదలుపెట్టండి. ఒక్కసారిగా లాగేస్తే పగడాల కొసలు తెల్లబడతాయి, ముఖ్యంగా ఆల్కలినిటీ (నీటి క్షారత) 10, 11 డీకేహెచ్ ఉన్న ట్యాంకుల్లో. 8 దగ్గర పెట్టుకుంటే క్షేమం. వారం తర్వాత ఫాస్ఫేట్ మళ్లీ పెరిగితే కంగారు పడొద్దు. రాళ్లు, ఇసుక ఇన్నాళ్లూ పట్టి ఉంచుకున్న ఫాస్ఫేట్‌ను తిరిగి నీళ్లలోకి వదులుతాయి. నెలలు పట్టే పని అది.

సంపులో చోటుంటే కీటోమార్ఫా పెంచండి. ముద్దగా పెరిగే ఈ మంచి నాచు, పైన పెరగాల్సిన చెడ్డ నాచు మేతను కింద తినేస్తుంది. దాని లైటు రాత్రిపూట వెలిగితే పీహెచ్ కూడా మరీ పడిపోదు. నెలకోసారి సగం తీసి పారేయండి, అప్పుడే అది తిన్నదంతా ట్యాంకు నుంచి బయటికి పోయినట్టు. వోడ్కా, వెనిగర్ లాంటివి పోసి బాక్టీరియాను పెంచి, దాంతో నైట్రేట్, ఫాస్ఫేట్ తగ్గించే కార్బన్ డోసింగ్ పనిచేస్తుంది కానీ, నాచుతో ఇబ్బంది పడుతున్న సమయంలో మొదలుపెట్టడం నాకు ఇష్టం లేదు, సయనో కూడా వచ్చి పడొచ్చు. మేత విషయంలో చేపలు రెండు నిమిషాల్లో తినేంతే వేయండి. ప్రధాన లైట్లు రోజుకు 8, 9 గంటలు చాలు, వాటిలో తెల్ల, ఎర్ర రంగుల వెలుతురు కొంచెం తగ్గించండి.

ఆఖరి మెట్టు: మందులు, ప్రత్యేక చికిత్సలు

*హైడ్రోజన్ పెరాక్సైడ్.* హెయిర్ ఆల్గే పట్టిన రాయిని బయటికి తీసి, రుద్ది, పగడాలకు తగలకుండా డ్రాపరుతో 3 శాతం పెరాక్సైడ్ నాచు మీద వేయండి. రెండు మూడు నిమిషాలు ఆగి, ఉప్పునీటిలో జాడించి లోపల పెట్టండి. నాలుగైదు రోజుల్లో తెల్లబడి రాలిపోతుంది. మన మందుల షాపుల్లో దొరికేది సాధారణంగా 6 శాతం ద్రావణం. దానికి సమానంగా ఆర్‌వో డీఐ నీళ్లు కలిపితే 3 శాతం అవుతుంది. విదేశీ సలహాలు చదివి నేరుగా వాడితే రెండింతల మోతాదు పడినట్టే. చేతికి గ్లవ్స్, కళ్లకు అద్దాలు పెట్టుకోండి. క్లీనర్ రొయ్యలకు ఇది పడదు, అందుకే మొత్తం ట్యాంకులో పోయమని నేను చెప్పను.

*బ్రయాప్సిస్.* ఇక్కడ మాత్రం మందే దారి. ఫంగస్‌కి వాడే ఫ్లుకొనజోల్ దీన్ని చంపుతుంది. నికరంగా ఉన్న నీటికి లీటరుకు 5 మిల్లీగ్రాములు. రాళ్లు, ఇసుక ఆక్రమించిన చోటు తీసేసి లెక్కేయండి. నికరంగా 150 లీటర్లుంటే 750 మిల్లీగ్రాములు, అంటే 150 మిల్లీగ్రాముల మాత్రలు ఐదు. ఇది డాక్టరు చీటీ మీద ఇచ్చే మందు కాబట్టి పశువైద్యుడితో మాట్లాడి తీసుకోండి. మాత్రలను మెత్తగా నూరి ట్యాంకు నీళ్లలో కలిపి, నీటి కదలిక ఉన్న చోట పోయాలి. యాక్టివేటెడ్ కార్బన్, జీఎఫ్ఓ, యూవీ (నీళ్లలోని సూక్ష్మజీవులను చంపే దీపం) తీసేయండి. స్కిమ్మర్ (నురగతో మురికి తీసే పరికరం) ఆపి, బదులుగా ఎయిర్ స్టోన్ పెట్టండి. రెండు మూడు వారాలు నీళ్లు మార్చవద్దు. మొదటి వారం ఏమీ జరగనట్టే ఉంటుంది, ఇంకో మోతాదు వేయాలనిపిస్తుంది, వేయకండి. తర్వాత పాలిపోతూ ఊడివస్తుంది. ఊడినదాన్ని వెంటనే తీసేస్తూ ఉండండి. చివర్లో పావు వంతు నీళ్లు మార్చి, తాజా కార్బన్ పెట్టండి.

*వలోనియా.* రాయిని బయటికి తీసి సన్నటి స్క్రూడ్రైవరుతో మొదలు నుంచి పెకలించండి. లోపలే తీయాల్సి వస్తే సైఫన్ నోరు పక్కనే పెట్టి లాగండి, వీలైనంతవరకు పగలనివ్వకండి.

*సయనో.* సైఫన్‌తో పీల్చేయండి, ఆ మూలకి వేవ్‌మేకర్ (నీళ్లను కదిలించే పంపు) తిప్పండి. నైట్రేట్ సున్నా ఉంటే కొంచెం పెంచండి. చాలాసార్లు అంతటితో పోతుంది. యాంటీబయాటిక్ పొడులు ఆఖరి మాటే. వాడితే రాత్రిపూట ఆక్సిజన్ పడిపోయి చేపలు చనిపోవచ్చు, గాలి బాగా కొట్టాలి.

*డైనో.* ఇది అన్నిటికన్నా మొండిది, మొత్తం పద్ధతిని తిరగేయాల్సింది ఇక్కడే. నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా అయిన ట్యాంకుల్లో పోటీకి మరెవరూ లేక ఇది రాజ్యమేలుతుంది. కాబట్టి జీఎఫ్ఓ తీసేయండి, నీళ్లు మార్చడం కొన్నాళ్లు ఆపండి, మేత పెంచండి. అవసరమైతే నైట్రేట్, ఫాస్ఫేట్ ద్రావణాలు డోస్ చేసి 5, 0.1 దగ్గర నిలబెట్టండి. ఆస్ట్రియాప్సిస్ రాత్రిళ్లు నీళ్లలోకి లేస్తుంది, అందుకే ట్యాంకు నుంచి నేరుగా నీళ్లు తీసుకునేలా యూవీ పెడితే దొరికిపోతుంది. మూడు రోజులు లైట్లు ఆపి, ట్యాంకుకి దుప్పటి కప్పితే ఇంకా తొందరగా తగ్గుతుంది. యాంఫిడీనియం ఇసుక వదిలి రాదు, దానికి యూవీ దండగ. సోడియం సిలికేట్ డోస్ చేసి డయాటమ్‌ను కావాలని పెంచితే, అది ఇసుకని ఆక్రమించి దీన్ని వెళ్లగొడుతుంది. కొన్ని డైనోల్లో విషం ఉంటుంది, తిన్న నత్తలు చస్తాయి. కాబట్టి డైనో పోయేదాకా కొత్త నత్తలు కొనకండి. కార్బన్ నడపండి, గ్లవ్స్ లేకుండా చేయి పెట్టకండి.

తగ్గుముఖం పట్టాక

హెయిర్ ఆల్గే పూర్తిగా పోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది. మధ్యలో ఒక వారం వెనక్కి వెళ్లినట్టు కనిపించినా పద్ధతి మార్చకండి. ప్రతి ఆదివారం ఒకే చోట నిలబడి, ఒకే లైటులో ఫోటో తీసుకోండి. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు.

నాచు పోయాక రెండు పనులు మిగులుతాయి. ఇన్నాళ్లూ అది తాగేసిన ఫాస్ఫేట్ ఇప్పుడు నీళ్లలో కనిపించడం మొదలవుతుంది. వారానికోసారి కొలిచి, 0.1 దాటితేనే జీఎఫ్ఓ కొంచెం పెట్టండి. రెండోది, నత్తలకీ అర్చిన్‌కీ మేత కరువవుతుంది. సుషీకి వాడే నోరి షీట్లు పెద్ద సూపర్ మార్కెట్లలో దొరుకుతాయి. నూనె, ఉప్పు, మసాలా పూయనివి చూసి తీసుకోండి. చిన్న ముక్కను రబ్బరు బ్యాండుతో రాయికి చుట్టి రాత్రి ట్యాంకు అడుగున పెట్టి, తినగా మిగిలింది పొద్దున్నే తీసేయండి.